లోతు బావిలాంటి ఎంజైమ్‌ని ల్యాప్‌టాప్‌లో మోడల్ చేయడం ఎలా?

బోరులో మోటారు దించడం మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో చూడనివాళ్లు ఉండరు. దించే ముందు తాడుకి రాయి కట్టి వదిలి, నీళ్లు ఎంత లోతులో తగులుతున్నాయో చూస్తారు. కేసింగ్ ఎంతవరకు ఉంది, మధ్యలో ఎక్కడైనా మట్టి కూలి ఇరుకైందా అని ఆరా తీస్తారు. అడుగున ఎన్ని నీళ్లున్నా దారి ఇరుకైతే మోటారు మధ్యలోనే ఇరుక్కుంటుంది.

యాక్టివ్ సైట్, అంటే రసాయన పని జరిగే చోటు, లోపలెక్కడో దాగి ఉన్న ఎంజైమ్‌ని కంప్యూటర్‌లో మోడల్ చేసేటప్పుడు కూడా ఇలాగే చూడాలి. కానీ నా దగ్గరికి వచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం అడుగు ఒక్కటే చూస్తాయి. డాకింగ్ (అణువు ఎంజైమ్‌లో ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడం) నడిపారు, మైనస్ పది స్కోరు వచ్చింది (మైనస్ ఎంత పెద్దదైతే అంత గట్టి పట్టు), బొమ్మ తీసి అతికించారు, అయిపోయింది. ఆ అణువు అసలు అడుగుదాకా దిగగలదా అన్న ప్రశ్న ఎవరూ వేయరు. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనో, ఏదైనా డిగ్రీ కాలేజీలోనో చదువుతూ, 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌తో ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పే సాఫ్ట్‌వేర్ అంతా చదువు కోసం ఉచితంగా దొరికేదే.

నేర్చుకోవడానికి ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ని ఎంచుకోండి. మన పత్తి చేన్లలో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు పురుగులో, మనిషిలో కూడా దెబ్బకొట్టేది దీన్నే. నేను పత్తి చేన్ల మధ్యే పెరిగాను. వీపుకి ట్యాంకు తగిలించుకుని రోజంతా మందు కొట్టి వచ్చిన సాయంత్రాల్లో నాయిన అరుగు మీద కూర్చుని "కండ్లు మసకమసకగా ఉన్నయిరా" అనేవాడు. ఒళ్లంతా చెమట. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చేవాళ్లం. కనుపాప కుంచించుకుపోవడం, చెమట, లాలాజలం పెరగడం, అన్నీ ఈ ఒక్క ఎంజైమ్ మూతపడితే వచ్చే లక్షణాలని ఎమ్మెస్సీలో చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మీలో చాలామందికి ఇలాంటి సాయంత్రాలు తెలిసే ఉంటాయి. తెలిసిన బాధకి సంబంధించిన ఎంజైమ్ అయితే, విసుగు పుట్టే పనులు కూడా ఓపికగా చేస్తాం.

ముందు బావి సంగతి

నరం చివర విడుదలైన ఎసిటైల్‌కోలిన్‌ని వెంటనే విరగ్గొట్టడం ఈ ఎంజైమ్ పని. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకి వేల అణువులను విరగ్గొడుతుంది. అంత వేగంగా పనిచేసేదానికి యాక్టివ్ సైట్ పైపైనే ఉండాలి కదా అనిపిస్తుంది. 1991లో జోయెల్ సస్మన్, ఇజ్రాయెల్ సిల్మన్ బృందం టార్పిడో అనే కరెంటు చేప ఎంజైమ్ నిర్మాణాన్ని బయటపెట్టినప్పుడు తేలింది వేరు. యాక్టివ్ సైట్ దాదాపు 20 ఆంగ్‌స్ట్రాంల (ఆంగ్‌స్ట్రాం అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) లోతున్న ఇరుకైన బావి అడుగున ఉంది. ఆ బావి గోడలకి 14 ఆరొమాటిక్ అమైనో ఆమ్లాలు రాతికట్టులా ఉన్నాయి.

మనిషి ఎంజైమ్‌లో అడుగున పనిచేసే ముగ్గురు అమైనో ఆమ్లాలు (అంకె అంటే గొలుసులో వరస నంబరు) సెరీన్ 203, హిస్టిడిన్ 447, గ్లూటమేట్ 334. అక్కడే ఎసిటైల్‌కోలిన్‌ని పట్టి నిలిపే ట్రిప్టోఫాన్ 86 ఉంటుంది. బావి గట్టు మీద ట్రిప్టోఫాన్ 286. మధ్యలో దారి ఇరుకయ్యే చోట టైరోసిన్ 124, ఫినైల్అలనిన్ 338. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి స్క్రీన్ పక్కన అంటించుకోండి. చివరిదాకా వీటితోనే పని.

నిర్మాణం తెచ్చుకోవడం

ప్రయోగాలతో తేలిన ప్రొటీన్ నిర్మాణాలు ఉండే ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో 4ఈవై7 అన్న ఎంట్రీ తీసుకోండి. మనిషి ఎసిటైల్‌కోలినెస్టరేజ్, దాని బావిలో డోనెపెజిల్ అనే మందుతో కలిపి, 2.35 ఆంగ్‌స్ట్రాం రిజల్యూషన్‌తో ఉంటుంది. అల్జీమర్స్ రోగులకి ఇచ్చే మందే డోనెపెజిల్. అది అడుగు నుంచి గట్టుదాకా బావి పొడవునా పరుచుకుని ఉంటుంది కాబట్టి మన రాయి కట్టిన తాడుగా అదే పనికొస్తుంది.

దీంతోపాటు ఆల్ఫాఫోల్డ్ (ప్రొటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఏఐ) డేటాబేస్ నుంచి అదే ఎంజైమ్ మోడల్‌ని కూడా దించుకోండి. ప్రొటీన్ సీక్వెన్స్‌ల డేటాబేస్ యూనిప్రాట్‌లో దాని నంబరు పి22303. స్ఫటిక నిర్మాణం ఉండగా అంచనా మోడల్ ఎందుకంటారా? రేపు మీరు పనిచేయాల్సిన ఎంజైమ్‌కి, అంటే ఏ గులాబీ రంగు కాయతొలుచు పురుగు ఎంజైమ్‌కో, స్ఫటిక నిర్మాణం దొరకకపోవచ్చు. అప్పుడు మోడల్‌నే నమ్మాలి. రెండూ ఉన్న చోట పక్కపక్కన పెట్టి చూస్తేనే మోడల్‌ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ప్రతి అమైనో ఆమ్లానికి ఆల్ఫాఫోల్డ్ 100కి ఒక మార్కు ఇస్తుంది. 90 దాటితే బాగా నమ్మొచ్చు, 70 నుంచి 90 మధ్య అయితే వెన్నెముక (ప్రొటీన్ ప్రధాన గొలుసు) వరకు నమ్మొచ్చు, 50 కంటే తక్కువైతే ఆ భాగాన్ని లెక్కలోకి తీసుకోకండి. ప్రొటీన్ మొత్తానికి వచ్చిన సగటు మార్కు చూసి సంతోషపడొద్దు. బావి గోడల్లో ఉన్న అమైనో ఆమ్లాల మార్కులు విడిగా తీసి చూడండి. ఇంకో సంగతి, ఆ డేటాబేస్ మోడల్‌లో నీళ్లుండవు, లోహ అయాన్లుండవు, మందూ ఉండదు. మీ ఎంజైమ్ జింకుతోనో మెగ్నీషియంతోనో పనిచేసేదైతే, ఆ లోహాన్ని దగ్గరి బంధువైన స్ఫటిక నిర్మాణం చూసి మీరే పెట్టాలి.

నంబర్ల దగ్గర ఒక పెద్ద గుంట ఉంది. రెండు మోడల్స్ తెరిచి సెరీన్ 203 ఎంచుకోండి. 4ఈవై7లో అది బావి అడుగున కనిపిస్తుంది. ఆల్ఫాఫోల్డ్ మోడల్‌లో 203 అంటే ఇంకెక్కడో ఏదో కనిపిస్తుంది. తయారయ్యేటప్పుడు ఈ ప్రొటీన్‌కి ముందు 31 అమైనో ఆమ్లాల సిగ్నల్ భాగం ఉంటుంది, తర్వాత అది తెగిపోతుంది. యూనిప్రాట్ లెక్క ఆ 31ని కలుపుకుంటుంది. అందుకే అక్కడ సెరీన్ 234, గ్లూటమేట్ 365, హిస్టిడిన్ 478. టార్పిడో చేపలో మళ్లీ వేరు: సెరీన్ 200, గ్లూటమేట్ 327, హిస్టిడిన్ 440. పాత పేపర్లలో కనిపించే ట్రిప్టోఫాన్ 84, 279 చేప లెక్క ప్రకారం. మనిషిలో అవే 86, 286. నంబరు సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి సీక్వెన్స్ చూడండి. పనిచేసే సెరీన్‌కి అటూ ఇటూ గ్లైసిన్, గ్లూటమేట్, సెరీన్, అలనిన్, గ్లైసిన్ అన్న వరస ఉండాలి. ఉంటే మీరు సరైన చోటే ఉన్నారు.

శుభ్రం చేయడం, హైడ్రోజన్లు పెట్టడం

ఫైల్‌ని అణువుల బొమ్మ చూపే కైమెరాఎక్స్‌లోనో పైమాల్‌లోనో తెరవండి. రెండు చెయిన్లు, అంటే అదే ఎంజైమ్ రెండు ప్రతులు కనిపిస్తాయి. డాకింగ్‌కి ఒకటి చాలు, ఏ చెయిన్ ఉంచుకున్నారో రాసిపెట్టుకోండి. ప్రొటీన్ మీద అంటుకున్న చక్కెరలు బావికి దూరంగా ఉన్నాయి, తీసేయొచ్చు. ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి రిమార్క్ 465 అన్న చోట చూస్తే, స్ఫటికంలో కనిపించని అమైనో ఆమ్లాల జాబితా ఉంటుంది. అవి బావికి దూరంగా ఉంటే డాకింగ్‌కి అడ్డం కావు. తర్వాత మాలిక్యులర్ డైనమిక్స్ (పరమాణువుల కదలికని క్షణం క్షణం లెక్కకట్టడం) చేసేటప్పుడు మాత్రం ఆ ఖాళీలు పూరించాలి. ఆల్ఫాఫోల్డ్ మోడల్‌లోని అదే ముక్కని తెచ్చి అతకడం తేలిక. మూడు డైసల్ఫైడ్ బంధాలు ఉన్నాయో లేదో చూడండి: సిస్టీన్ 69తో 96, 257తో 272, 409తో 529.

నీళ్లన్నీ ఒక్క దెబ్బకి తీసేయమని చాలా వీడియోల్లో చెబుతారు. ఈ ఎంజైమ్‌కి అలా చేయొద్దు. బావిలో కొన్ని నీటి అణువులు మందుకీ గోడకీ మధ్య వంతెనల్లా నిలబడి ఉంటాయి. ఒకసారి నీళ్లన్నీ తీసేసి, ఇంకోసారి బావిలోని కదలని నీళ్లు ఉంచి, రెండు రకాలుగా నడపండి. రెండింటి తేడాయే మీ రిపోర్టులో ఒక ఫలితం.

ఇక హైడ్రోజన్లు. ఎక్స్‌రేలో హైడ్రోజన్లు మామూలుగా కనిపించవు, మనమే పెట్టాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తను పెట్టేస్తుంది, ఎక్కువ చోట్ల బాగానే పెడుతుంది. కానీ హిస్టిడిన్ 447 దగ్గర దాన్ని వదిలేయకండి. ఆ హిస్టిడిన్ ఉంగరంలో రెండు నైట్రోజన్లున్నాయి. డెల్టా నైట్రోజన్ గ్లూటమేట్ 334 వైపు తిరిగి ఉంటుంది, హైడ్రోజన్ దాని మీదే ఉండాలి. ఎప్సిలాన్ నైట్రోజన్ సెరీన్ 203 వైపు ఖాళీగా ఉండాలి. సెరీన్ దగ్గర్నుంచి ప్రోటాన్ అందుకునేది అదే కదా. హైడ్రోజన్ తప్పు నైట్రోజన్ మీద పడితే ముగ్గురి మధ్య లంకె తెగిపోతుంది, అయినా డాకింగ్ ఏ ఎర్రర్ లేకుండా నడిచి ఒక అంకె ఇచ్చేస్తుంది. నా మొదటి ప్రాజెక్టులో మూడు వారాల పని ఈ ఒక్క హైడ్రోజన్ వల్ల పనికిరాకుండా పోయింది. అప్పటినుంచి ప్రాప్‌కా (ఏ అమైనో ఆమ్లం ప్రోటాన్ పట్టుకుని ఉంటుందో అంచనా వేసే సాఫ్ట్‌వేర్) నడిపి చూడకుండా, ఆపై కంటితో ఒకసారి చూసుకోకుండా ముందుకు వెళ్లను.

డోనెపెజిల్‌కి కూడా ఇదే జాగ్రత్త కావాలి. దాని పిపెరిడిన్ నైట్రోజన్ శరీరంలో ఎక్కువగా ప్రోటాన్ పట్టుకుని ధనావేశంతో ఉంటుంది. ఆవేశం లేకుండా దించితే అది వేరే అణువు అయిపోతుంది.

దారి కొలవడం

డాకింగ్ కంటే ముందు చేయాల్సిన పని ఇది. కేవర్ అన్న సాఫ్ట్‌వేర్ ప్రొటీన్ లోపలి సొరంగాలను వెతుకుతుంది, పైమాల్‌లో ప్లగిన్‌గా వస్తుంది. బావిలోంచి డోనెపెజిల్‌నీ నీళ్లనీ తీసేసిన ఫైల్ ఇవ్వండి, లేకపోతే మందే దారికి అడ్డంగా ఉన్నట్టు లెక్కవుతుంది. మొదలయ్యే చోటుగా సెరీన్ 203 ఆక్సిజన్‌కీ హిస్టిడిన్ 447 ఎప్సిలాన్ నైట్రోజన్‌కీ మధ్య బిందువు పెట్టండి. ప్రోబ్ రేడియస్ (దారిలో పట్టాల్సిన గోళం వ్యాసార్థం) 0.9 ఆంగ్‌స్ట్రాంలతో మొదలుపెట్టి, తర్వాత నీటి అణువుకి వాడే 1.4తో మళ్లీ నడపండి.

వచ్చిన జాబితాలో ఒక్కో సొరంగానికి పొడవు, అన్నిటికంటే ఇరుకైన చోటి వ్యాసార్థం, ఆ ఇరుకు చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలు ఉంటాయి. గట్టు దగ్గర ట్రిప్టోఫాన్ 286 పక్కనుంచి బయటికి వచ్చేదే ప్రధాన దారి. ఇప్పుడు ఆ ఇరుకు కొలతని ఎసిటైల్‌కోలిన్ తల కొలతతో, అంటే నైట్రోజన్ చుట్టూ మూడు మిథైళ్లు ఉన్న భాగం కొలతతో పోల్చండి. దారి సరిపోదు! ఇక్కడ చాలామంది తమ లెక్క తప్పిందనుకుని టెన్షన్ పడతారు. తప్పలేదు. స్ఫటికం గడ్డకట్టిన ఒక్క క్షణం మాత్రమే. బతికున్న ఎంజైమ్‌లో ఆ గోడలు ఊపిరి తీసుకున్నట్టు కదులుతుంటాయి, టైరోసిన్ 124, ఫినైల్అలనిన్ 338 కాస్త పక్కకి జరిగిన క్షణంలో అణువు లోపలికి దిగుతుంది. మన బోరు కేసింగ్ కదలదు, ఈ కేసింగ్ కదులుతుంది. పోలిక అంతవరకే.

ప్రధాన దారి కాక చిన్న సొరంగాలు కూడా కనిపిస్తే వెంటనే కొత్త దారి కనిపెట్టాం అని రాయకండి. ఈ ఎంజైమ్‌కి వెనక తలుపు ఒకటి తెరుచుకుంటుందని 1994లో ఒక సిమ్యులేషన్ చూపించింది, దాని మీద ఏళ్ల తరబడి చర్చ నడిచింది. ఒక్క ఫ్రేములో కనిపించిన సన్నని సందు ఆధారం కాదు.

రాయి కట్టి దించడం

ఇప్పుడు డాకింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోడాక్ వీనా. 4ఈవై7లోంచి డోనెపెజిల్‌ని బయటికి తీసి, దాని రూపాన్ని కొత్తగా తయారుచేసి, అదే బావిలోకి దించండి. పాత భంగిమని అలాగే ఇవ్వొద్దు, ఎక్కడ కూర్చోవాలో సాఫ్ట్‌వేర్ కనుక్కోవాలి.

సాఫ్ట్‌వేర్ వెతకాల్సిన చోటుని బాక్స్ అంటారు. దాని మధ్య బిందువు డోనెపెజిల్ మధ్యలో, ఒక్కో వైపు 26 ఆంగ్‌స్ట్రాంలు పెట్టండి. మామూలు పైపై యాక్టివ్ సైట్లకి వాడే 18, 20 ఇక్కడ చాలవు, బావి లోతే దాదాపు 20. బాక్స్‌ని ఆటోడాక్‌టూల్స్‌లో గీస్తున్నట్టయితే ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ కనిపించే అంకెలు పాయింట్లు, ఒక్కో పాయింటు మధ్య మామూలుగా 0.375 ఆంగ్‌స్ట్రాం ఉంటుంది. వీనా మాత్రం అంకెని నేరుగా ఆంగ్‌స్ట్రాంలుగా తీసుకుంటుంది. అక్కడి 60ని తెచ్చి వీనాలో పెడితే 22.5 ఉండాల్సింది 60 ఆంగ్‌స్ట్రాంల గది అయిపోతుంది, అణువు ఎక్కడెక్కడో తిరుగుతుంది. స్పేసింగ్‌ని 1 చేసి గీయండి. వెతుకులాట ఎంత గట్టిగా చేయాలో చెప్పే ఎగ్జాస్టివ్‌నెస్ మామూలుగా 8 ఉంటుంది. ఇరుకు బావికి 32 పెట్టండి. వెతుకులాట ఎక్కడ మొదలవాలో నిర్ణయించే సీడ్ అంకె మారుస్తూ మూడు సార్లు నడపండి.

వచ్చిన మొదటి భంగిమకీ స్ఫటికంలోని భంగిమకీ తేడా 2 ఆంగ్‌స్ట్రాంల లోపు ఉంటే మీ పద్ధతి పాసైనట్టు. అంకె ఒక్కటే చూసి ఆగకండి. బెంజైల్ ఉంగరం అడుగున ట్రిప్టోఫాన్ 86 మీద పడుకుందా? ఇండనోన్ భాగం గట్టు మీద ట్రిప్టోఫాన్ 286కి ఆనుకుందా? దాని కార్బొనిల్ ఫినైల్అలనిన్ 295 వెన్నెముక నైట్రోజన్ వైపు ఉందా? తలకిందులుగా కూర్చుని కూడా మంచి స్కోరు ఇచ్చే భంగిమలు వస్తాయి. పాస్ కాకపోతే మీ కొత్త అణువుని ముట్టుకోవద్దు. హైడ్రోజన్ల దగ్గరికి, నీళ్ల దగ్గరికి వెనక్కి వెళ్లండి.

తర్వాత అదే పరీక్ష ఆల్ఫాఫోల్డ్ మోడల్ మీద చేయండి. వెన్నెముక దాదాపు అచ్చుగుద్దినట్టు ఉన్నా భంగిమ చెడిపోతే, ఏదో ఒక పక్క గొలుసు దారిలోకి తిరిగి ఉండొచ్చు. ఈ బావి మధ్యలో ఉన్న టైరోసిన్ 337 స్థానం ముఖ్యంగా చూడండి. చేప ఎంజైమ్‌లో దానికి బదులుండే ఫినైల్అలనిన్ 330, ఒక్కో మందుతో ఒక్కో తీరున తిరిగి కనిపిస్తుంది. మోడల్‌లో అలాంటి ఒకట్రెండు పక్క గొలుసులను కదిలేవిగా పెట్టి మళ్లీ నడపొచ్చు. పదింటిని కదిలిస్తే మాత్రం ఏదైనా ఎక్కడైనా సరిపోతుంది, అప్పుడు ఫలితానికి అర్థం ఉండదు.

పురుగుమందు అణువులతో జాగ్రత్త

మన జిల్లాల విద్యార్థులు ఎక్కువగా ఎంచుకునే అంశం ఇదే, పొరపాట్లు కూడా ఇక్కడే ఎక్కువ. క్లోర్‌పైరిఫాస్ తీసుకోండి. డబ్బాలో ఉన్న రూపంలో ఫాస్ఫరస్‌కి గంధకం డబుల్ బాండ్‌తో ఉంటుంది. శరీరంలో దాని స్థానంలో ఆక్సిజన్ వచ్చి ఆక్సాన్ అవుతుంది. ఎంజైమ్‌ని గట్టిగా పట్టుకునేది ఆ ఆక్సాన్. డబ్బా మీది పేరు చూసి గంధకం రూపాన్ని డాకింగ్ చేస్తే మీరు వేరే ప్రశ్నకి జవాబు రాస్తున్నట్టు. మోనోక్రోటోఫాస్‌లో మొదట్నుంచీ ఆక్సిజనే ఉంది, దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు.

ఇంకా పెద్ద విషయం, ఈ మందులు బావిలో ఊరికే కూర్చోవు. ఫాస్ఫరస్ సెరీన్ 203 ఆక్సిజన్‌కి కోవాలెంట్‌గా అతుక్కుంటుంది. మామూలు డాకింగ్‌కి బంధం ఏర్పడటం తెలియదు. అతుక్కోవడానికి ముందున్న క్షణం ఎలా ఉండొచ్చో మాత్రమే అది చూపగలదు. అందుకే స్కోరు వరస చూసి ఈ మందు ఆ మందు కంటే విషం ఎక్కువ అని రాయడం తప్పు. దాని బదులు దూరాలు చూడండి. సెరీన్ ఆక్సిజన్ నుంచి ఫాస్ఫరస్ 4 ఆంగ్‌స్ట్రాంల లోపు ఉందా, ఫాస్ఫరస్ మీది ఆక్సిజన్ గ్లైసిన్ 121, గ్లైసిన్ 122, అలనిన్ 204 కలిసి చేసే గూట్లోకి తిరిగి ఉందా, విడిపోవాల్సిన గుంపు సెరీన్‌కి ఎదురు దిక్కున ఉందా. ఈ మూడూ కుదిరిన భంగిమకి, స్కోరు కాస్త వెనకబడినా నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఆసుపత్రిలో అట్రోపిన్‌తోపాటు ఇచ్చే ప్రాలిడాక్సిమ్ పని, ఆ అతుక్కున్న ఫాస్ఫరస్‌ని సెరీన్ నుంచి ఊడదీయడం. అది ఊడదీసేలోపు ఫాస్ఫరస్ మీది ఒక ఆల్కైల్ ముక్క రాలిపోతే ఎంజైమ్ ఇక తిరిగి రాదు. దీన్ని ఏజింగ్ అంటారు. మోనోక్రోటోఫాస్‌లాంటి డైమిథైల్ రకాల్లో సగం ఎంజైమ్ ఇలా పోవడానికి సుమారు 3.7 గంటలు, క్లోర్‌పైరిఫాస్‌లాంటి డైఇథైల్ రకాల్లో సుమారు 33 గంటలు పడుతుంది. తండా నుంచి ఆటోలో దేవరకొండ చేరి, అక్కడినుంచి నల్లగొండకి రావడానికి పట్టే సమయాన్ని ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. విరుగుడు మందు బావిలోకి ఎలా దిగుతుంది, అప్పటికే ఫాస్ఫరస్ కూర్చున్న ఇరుకులో ఎటు తిరుగుతుంది అన్న ప్రశ్న మీద మీ ప్రాజెక్టు ఉంటే నాకు చాలా సంతోషం.

గోడలు కదలనివ్వడం

గ్రోమాక్స్‌తో మాలిక్యులర్ డైనమిక్స్ చేయొచ్చు. నీళ్లతో కలిపి పరమాణువులు 50 వేలు దాటుతాయి, మామూలు ల్యాప్‌టాప్ మోయలేదు. గూగుల్ కొలాబ్‌లో జీపీయూ తీసుకుని ముక్కలు ముక్కలుగా నడపండి. సెషన్ తెగిపోతుంది, ఇంట్లో కరెంటూ పోతుంది. చెక్‌పాయింట్ ఫైల్ పది పదిహేను నిమిషాలకోసారి డ్రైవ్‌లోకి వెళ్లేలా పెట్టుకోండి. 0.15 మోలార్ ఉప్పు, 310 కెల్విన్, 2 ఫెమ్టోసెకన్ల టైమ్‌స్టెప్. హిస్టిడిన్ 447 ఏ రూపంలో ఉండాలో ఇక్కడ మళ్లీ చేత్తో చెప్పాలి, డాకింగ్‌లో పెట్టింది దానంతటది రాదు. ఒక పొడవాటి పరుగు కంటే వేర్వేరు మొదలు వేగాలతో మూడు పరుగులు మేలు.

ఫలితంలో ప్రొటీన్ మొత్తం ఆర్‌ఎమ్‌ఎస్‌డీ (మొదటి నిర్మాణం నుంచి ఎంత జరిగిందన్న కొలత) గీత అందరూ పెడతారు, పెట్టండి. కానీ మీకు కావాల్సింది ఇరుకు. టైరోసిన్ 124కీ ఫినైల్అలనిన్ 338కీ మధ్య దూరం కాలంతో ఎలా మారిందో గీయండి. సమాన విరామాల్లో వెయ్యి ఫ్రేములు తీసి కేవర్‌కి ఇవ్వండి. ఎన్ని ఫ్రేముల్లో దారి వ్యాసార్థం 1.4 ఆంగ్‌స్ట్రాంలకంటే ఎక్కువగా తెరుచుకుంది, మీ అణువు సన్నని వైపు పట్టేంతగా ఎన్నిట్లో తెరుచుకుంది అని లెక్కపెట్టండి. బావి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, లోపల అణువు ఉన్నప్పుడు ఒకసారి చేస్తే పోలిక దొరుకుతుంది. మూడు పరుగుల్లో మూడు రకాలుగా వస్తే సగటు తీసి దాచేయకుండా మూడింటినీ చూపించండి.

రిపోర్టులో పద్ధతి భాగం రాసేటప్పుడు ఇవి వదలకండి: ఏ ఎంట్రీ, ఏ చెయిన్, నంబర్లు ఎవరి లెక్క ప్రకారం, ఏ నీళ్లు ఉంచారు, హిస్టిడిన్ 447 మీద హైడ్రోజన్ ఎక్కడ, బాక్స్ కొలతలు, సీడ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, డోనెపెజిల్ పరీక్షలో వచ్చిన తేడా. గాజు పరికరాలతో కొలిచిన నిరోధం విలువలు మీ దగ్గర లేకపోతే "నిరోధిస్తుంది" అని రాయకండి, "బావిలో ఈ భంగిమలో కూర్చునే అవకాశం ఉంది" అని రాయండి. వైవాలో ఆ దారి ఎంత వెడల్పు ఉంది అని అడిగితే, ఫ్రేముల లెక్క ఉన్న పేజీ తెరిచి చూపించండి.